నాలుగడుగుల రెండంగుళాలు

…అయినా కాలువలో నీళ్ళు లేవని చెప్పడానికి నేనెవణ్ణి, అనుకున్నాడు గుమాస్తా కిటికీ రెక్క తోస్తూ. ఉన్నాయో లేవో చెప్పాల్సింది కొలకర్ర. ఆ కొలకర్ర లేదు. అది లేనప్పుడు కంటితో చూసిన మాట సాక్ష్యం ఎలా అవుతుంది? కన్ను ఎంతమందిని మోసం చెయ్యలేదు!

కిటికీ అవతల, వంతెన కింద, నాలుగడుగుల రెండంగుళాల వరద నీటి అడుగున ఎవరిదో పూల దుప్పటి ఆరుతోంది.

నవ్వకండి పాఠకులారా. ఊరికి వరద రావడం దురదృష్టమే కావచ్చు. కానీ వచ్చిన వరద కాగితం మీద నుంచి పోకపోవడం మహాభాగ్యం! మూడేళ్ళుగా ఇలాంటి వరదలో హాయిగా బతుకుతున్న ఊరొకటుంది. దాని సంగతి విన్నాక మా ఊరికీ ఒకటి కావాలని మీరే అర్జీ పెట్టుకుంటారు.

విపత్తు వేళ మున్సిపాలిటీకి చట్టం కొన్ని ప్రత్యేక అధికారాలు ఇస్తుంది. వంతెన స్తంభానికి బిగించిన కొలకర్ర మీద నీరు మూడడుగుల ఎర్రగీత దాటిందా, ఛైర్మన్ అత్యవసర పరిస్థితి ప్రకటించవచ్చు. ఆ క్షణం నుంచి ఎవరి ఇల్లైనా, కొట్టైనా, బండైనా ప్రజల మేలు కోసం స్వాధీనం చేసుకోవచ్చు. దారులు మూసెయ్యవచ్చు. నలుగురు గుమిగూడితే చెదరగొట్టవచ్చు. ఊరి భద్రత కోసం, కొత్తగా కనబడినవాణ్ణి ఆపి "నువ్వెవరు, ఎక్కడికి, ఎందుకు?" అని అడగవచ్చు. టెండర్లు అక్కర్లేదు, మీటింగులు అక్కర్లేదు, కౌన్సిల్లో చేతులెత్తడాలు అసలే అక్కర్లేదు.

నీరు ఎర్రగీత కిందికి దిగిందని డ్యూటీ గుమాస్తా రిజిస్టర్లో అంకె వేసిన రోజున ఈ అధికారాలన్నీ వాటంతటవే రద్దవుతాయి. అంకె మూడు కాపీల్లో వెయ్యాలి. మూడోది పై ఆఫీసుకు వెళ్తుంది. వేసిన అంకెను కొట్టెయ్యడం నేరం. కర్ర చూడకుండా అంకె వెయ్యడం అంతకంటే పెద్ద నేరం.

చట్టం రాసినవాళ్ళు ఎంత ముందుచూపు ఉన్నవాళ్ళో చూశారా! అన్నీ ఆలోచించారు, కొలకర్రే కొట్టుకుపోతే ఏమిటన్నది తప్ప.

అది కొట్టుకుపోయింది. మూడేళ్ళ కిందట, ఒక మధ్యాహ్నం, నాలుగడుగుల రెండంగుళాలు చూపించిన మరుక్షణం, మేకులతో సహా ఊడి, ఎవరిదో ప్లాస్టిక్ బకెట్ పక్కనే సాగిపోయింది. మర్నాటి సాయంత్రానికి నీళ్ళు తీశాయి. మూడో రోజు జనం పరుపులు గోడల మీద ఆరేసుకున్నారు. నాలుగో రోజు పొద్దున గుమాస్తా కమిషనర్ ముందు నిలబడ్డాడు.

"సార్, ఈ రోజు రీడింగ్ ఏం రాయమంటారు?"

"కర్ర ఉందా?"

"లేదు సార్."

"చూడకుండా రాస్తే లోపలేస్తారు, తెలుసా? కొత్త కర్ర వచ్చేదాకా పాత అంకే. యథాతథం."

గుమాస్తా రాశాడు. ఆ రోజు రాశాడు, మర్నాడు రాశాడు, ఈ రోజు దాకా రాస్తూనే ఉన్నాడు. ఊరు అతనికి పెట్టుకున్న పేరు కూడా అదే. "యథాతథం గారూ, టీ తాగుతారా?" అంటే, "మీ ఇష్టం" అంటాడు.

ఏరు దాటాక తెప్ప తగలెయ్యడం లోకరీతి. ఈ ఊరికి అంత కృతఘ్నత లేదు. ఏరు ఎండినా తెప్ప దిగలేదు!

దానివల్ల ఒనగూరిన లాభాలు ఒకటా, రెండా? పూర్వం మురిక్కాలువ మీద ఒక పలక మార్చాలంటే మూడు మీటింగులు, రెండు అలకలు, ఒక వాకౌట్. ఇప్పుడు ఒక్క సంతకం. పలక మారిందా అంటారు మీరు. పలక సంగతి ఎందుకండీ, సంతకం ఎంత వేగంగా పడిందో చూడండి!

క్షవరశాలలో వెనక్కి వాలే కుర్చీని సహాయక చర్యల కింద స్వాధీనం చేసుకున్నారు. ఎందుకంటే సహాయక చర్యలు చేయించేది ఛైర్మన్, చేయించడానికి ఆయన కూర్చోవాలి, కూర్చోవాలంటే ఆయన నడుము ఒప్పుకోవాలి. ఊరి మగవాళ్ళందరూ ఇప్పుడు స్టూలు మీద నిటారుగా కూర్చుని గడ్డం గీయించుకుంటున్నారు. వెన్నెముక బాగుపడలేదూ?

పూలకొట్టువాడి వ్యాను ఇప్పుడు రక్షణ వాహనం. రోజూ ఛైర్మన్ మనవణ్ణి బడిలో దింపుతుంది. పసిప్రాణాన్ని వరద దాటించడం కంటే గొప్ప రక్షణ ఏముంటుంది?

పోయినేడు ఎదుటి పార్టీవాళ్ళు సభ పెడతామన్నారు. "సభాస్థలం నీట మునిగి ఉన్నందున అనుమతి నిరాకరించడమైనది" అని జవాబు వెళ్ళింది. మొండివాళ్ళు, వచ్చి అదే స్థలంలో కుర్చీలు వేసుకున్నారు. వాళ్ళను మునిగిపోకుండా కాపాడి, ఆ రాత్రంతా పోలీసు స్టేషన్లో పొడిగా ఉంచారు. ఇంత మానవత్వం ఎక్కడైనా ఉందా?

ఎన్నికలంటారా? పోలింగ్ కేంద్రాలు నీళ్ళలో ఉంటే ఎన్నికలు ఎలా పెడతారండీ! ఓటరు కొట్టుకుపోతే ఎవరిది బాధ్యత? నిండా మునిగినవాడికి చలేమిటన్నట్టు, మూడేళ్ళుగా ఈ ఊరు ఏ చలీ లేకుండా ఉంది.

ఇక కంట్రోల్ రూము. అది వంతెన పక్కనే ఉండాలి, కిటికీ కాలువ వైపు తెరుచుకోవాలి. అలాంటి గది ఊళ్ళో ఒక్కటే. గుమాస్తా అక్కగారి టైలరింగ్ కొట్టు. ఆమె గుడ్డ కత్తిరించే బల్ల మీద ఇప్పుడు ఊరి మ్యాపు పరిచి ఉంది. మెషిన్లు రెండూ ఇంట్లో తమ్ముడి మంచం కింద ఉన్నాయి. నిద్రలో అతని చెయ్యి జారితే చక్రం తగిలి టకటకమంటుంది.

స్వాధీనపు ఉత్తర్వు అందించింది కూడా తమ్ముడే. అక్క దాన్ని చదివి, "నీళ్ళలో నిలబడ్డందుకు నీకిచ్చిన బహుమతట్రా ఇది?" అంది. పదిరోజుల్లో కొట్టు తిరిగొస్తుందని ఆమె అనుకుంది.

అతను ఆ రోజు నీళ్ళలో నిలబడ్డ మాట నిజం. అది చెప్పకపోతే ఈ మనిషి మీకు అర్థం కాడు.

వరద వచ్చిన మధ్యాహ్నం అతను వంతెన అవతలి ఒడ్డున మోకాళ్ళు మడిచి రీడింగ్ చూస్తున్నాడు. దిగువ వీధిలోకి నీళ్ళు తిరగడం కనబడింది. ఎవర్నీ అడగలేదు. వంతెన కమ్మీకి తాడు కట్టి, రెండో కొస తన నడుముకు చుట్టుకుని దిగాడు. చీకటి పడేదాకా ఆ తాడు పట్టుకుని ఇరవై ఆరుమంది ఇవతలికి వచ్చారు. ఒక ముసలాయన పిల్లిని కూడా తెచ్చుకున్నాడు.

నలభై నాలుగేళ్ళ జీవితంలో అతను ఎవరి మాటా లేకుండా చేసిన పని అదొక్కటే. ఆ తర్వాత అతనికి ఒక కాషాయరంగు జాకెట్టు ఇచ్చారు. వీపు మీద తెల్ల అక్షరాలతో "అత్యవసరం". భుజాల దగ్గర వదులైతే అక్కే లోపలికి కుట్టి ఇచ్చింది. అది తొడుక్కుంటే జనం పక్కకు తప్పుకుంటారు. అది విప్పితే తన భుజాలు హ్యాంగరు నుంచి జారిన చొక్కాలా కిందికి దిగడం అతనే చాలాసార్లు గమనించాడు. గమనించి, చప్పున మళ్ళీ తొడుక్కునేవాడు.

వరద అయిపోయిందని రాస్తే, ఆ తాడు పట్టుకున్న మనిషి కూడా అయిపోతాడు. ఈ మాట అతను ఏనాడూ మాటల్లో అనుకోలేదు. పొద్దున పది గంటలకు, కలం మూత తీసేటప్పుడు, ఎడమ చెయ్యి ఒకసారి నడుము తడిమి చూసుకునేది, తాడు ఉందేమోనని. అంతే.

నిన్నటిదాకా ఇలాగే గడిచింది. ఈ రోజు తొమ్మిదింటికి అక్క వచ్చింది. మెడలో టేపు వేలాడుతోంది, చేతిలో పర్మిషన్ స్లిప్పు. సొంత కొట్టులోకి రావడానికి ఆమె స్లిప్పు రాయించుకోవాలి. రాసేది తమ్ముడే కనక, వంటింట్లోనే రాయించుకుని వస్తుంది.

"ఏరా, తగ్గిందా నీ వరద?"

"ఇంకా లేదక్కా."

"ఎంతుంది?"

"నాలుగడుగుల రెండంగుళాలు."

"అంటే నా భుజం దాకా. చీర తడవకుండా వచ్చాను చూడు, ఎంత అదృష్టవంతురాలినో!"

గుమాస్తా మ్యాపు మీద లేని దుమ్ము తుడిచాడు.

"పెద్ద కత్తెర బీరువాలో ఉండిపోయింది, తీసుకెళ్తాను. రేపు పదింటికి బడి హెడ్‌మిస్ట్రెస్ వస్తోంది. నూట ఎనభై మంది పిల్లల యూనిఫారాలు. నిలబెట్టి కొలతలు తియ్యడానికి గది చూపించమంది. వరండాలో కుడతానంటే, వానొస్తే పిల్లల బట్టలేం గానూ అంది. ఆమె మాటా నిజమే."

"ఛైర్మన్ గారికి ఇంకో అర్జీ…"

"ఏడోది కూడా అయిపోయింది. 'నీరు తగ్గిన వెంటనే పరిశీలించబడును' అని జవాబొచ్చింది. కింద సంతకం ఎవరిదో తెలుసా? నీది."

 గుమాస్తా రోజుకి అలాంటి సంతకాలు పది పెడతాడు. ఎవరి పేరన్నది చూడడు. చూడకపోవడం కూడా ఒక నేర్పే.

"ఈ యూనిఫారాల పని కూడా పోతే మెషిన్లు అమ్మేస్తాన్రా. తుప్పు పట్టించుకునే బదులు ఎవరికో పనికొస్తాయి." ఆమె గొంతు పెద్దది చెయ్యలేదు. అందుకే అది అతనికి బాగా వినబడింది.

బీరువా పక్కన, తలుపు వెనక, గోనెలో చుట్టిన పొడుగాటి వస్తువొకటి గోడకు ఆనించి ఉంది. లక్క సీలు, దారం, చీటీ. చీటీ మీద "అనుమానాస్పద వస్తువు". కత్తెర కోసం వంగిన అక్క భుజం తగిలి అది పక్కకు ఒరిగింది. గోనెను ఎలుకలు ఎప్పుడో కొట్టేశాయి. చిరుగులోంచి తెల్లరంగు, నల్లగీతలు, ఒక ఎర్రగీత.

దాని కథ రెండేళ్ళనాటిది. ఊరి భద్రత కోసం వంతెన మీద గేటు పెట్టిన కొత్తలో ఒక అపరిచితుడు బస్సు దిగి ఆ వస్తువు భుజాన పెట్టుకుని వచ్చాడు. "కాలువ ఎటు? లోతెంత? వంతెన స్తంభం గట్టిదేనా?" అని అడిగాడు. పాఠకులారా, మీరైతే ఏమనుకుంటారు? గుమాస్తా వెంటనే ఫోన్ చేశాడు. అతన్ని సగం రోజు కూర్చోబెట్టి ప్రశ్నించారు. "నన్ను పంపింది మీ పై ఆఫీసేనండీ, ఇదిగో ఆర్డరు" అంటాడు అతను. ఆర్డర్లు ఎవరైనా తెచ్చుకుంటారు! వస్తువును సీలు చేసి, మనిషిని వచ్చిన బస్సులోనే ఎక్కించారు. మర్నాడు ఛైర్మన్ గుమాస్తా వీపు తట్టాడు, సరిగ్గా "అత్యవసరం" అన్న చోట.

గోనె కట్టేటప్పుడు గుమాస్తా ఒక అంకె చూశాడు. చూసి, తాడు ఇంకో చుట్టు చుట్టాడు. మనసుకు రెండు గదులుంటాయి. ఒక గదికి తెలిసింది రెండో గదికి చెప్పకుండా తలుపు వేసుకుని బతకడం అంత కష్టమేమీ కాదు. కాకపోతే తలుపును ఎప్పుడూ భుజంతో నెట్టి పట్టుకుని ఉండాలి.

అక్క మెడలోంచి టేపు తీసింది. ఏదైనా పొడుగ్గా కనబడితే ఆమె చేతులు ఆగవు. గోనె జరిపి, గీతకూ గీతకూ మధ్య టేపు ఆనించింది. ఒకసారి. ఇంకోసారి.

"అంగుళానికి అంగుళం సరిపోయింది. ఒరేయ్, ఇది కొలకర్ర."

"అది… స్వాధీనం చేసుకున్న వస్తువక్కా. సీలుంది. పైవాళ్ళు చెప్పకుండా…" గుమాస్తా నీళ్ళు నమిలాడు. ఊళ్ళో ఎక్కడైనా నీళ్ళున్నాయంటే అప్పుడు అతని నోట్లోనే.

"నీకు తెలుసా ఇది?"

అతను కిటికీ వైపు చూశాడు. దుప్పటి గాలికి ఒక మూల లేచి పడింది.

"సరే, అది వద్దు. ఒకటి చెప్పు. ఆ రోజు నిన్ను తాడు కట్టుకుని దిగమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"మరెందుకు దిగావు?"

"నీళ్ళొస్తున్నాయి కదక్కా. కళ్ళెదుటే కనబడుతున్నాయి."

అక్క టేపు చుట్ట చుట్టి మెడలో వేసుకుంది. కత్తెర సంచిలో పెట్టుకుంది. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "అన్నం మూత పెట్టి ఉంచుతాను. వేళకి రా" అంది.

తొమ్మిదీ నలభై. గుమాస్తా కాసేపు కూర్చున్నాడు. లేచాడు. జాకెట్టు విప్పి కుర్చీకి తగిలించాడు. భుజాలు కిందికి దిగుతాయేమోనని ఒక క్షణం ఆగి చూసుకున్నాడు. దిగినట్టే ఉన్నాయి. సరే కానీ, అనుకుని కొలకర్ర ఎత్తుకుని బయటికి నడిచాడు.

వంతెన గేటు దగ్గర కాపలావాడు అడ్డం వచ్చాడు. "ఏంటి సార్ అది?"

గుమాస్తా చీటీ చూపించాడు. "అనుమానాస్పద వస్తువు."

"ఆఫీసుదేనా? అయితే వెళ్ళండి. బయటివాళ్ళదేమోనని కంగారుపడ్డాను."

భద్రత అంటే ఇదీ!

గుమాస్తా ఒడ్డు దిగాడు. మూడేళ్ళలో మొదటిసారి. తాడు పట్టుకుని నిలబడ్డ చోటు అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు. స్తంభం నుంచి ఐదడుగులు, కమ్మీలో ఒంపు తిరిగిన చోటికి సరిగ్గా కింద. అక్కడ ఇప్పుడు గడ్డి, ఒక విరిగిన దువ్వెన. ఆ రోజు ఇక్కడ నీళ్ళు రొమ్ముదాకా ఉన్నాయి. అబద్ధం కాదు. ఈ రోజు లేవు. ఇదీ అబద్ధం కాదు. రెండూ ఒకే చోట పక్కపక్కనే నిలబడితే, అతను భయపడినట్టు, ఒకటి ఇంకోదాన్ని తోసెయ్యలేదు.

దుప్పటిని జాగ్రత్తగా పక్కకు జరిపాడు. గోనె విప్పి, కర్ర అడుగు కాలువ నేలకు ఆనేలా స్తంభం పక్కన నిలబెట్టాడు. నీరు నిలకడకు వచ్చేదాకా రెండు నిమిషాలు ఆగి రీడింగ్ చూడాలన్నది నియమం. ఆగాడు. నిలకడగానే ఉంది. ఒక చీమ మాత్రం మూడంగుళాల దాకా ఎక్కి, ఆలోచించి, దిగిపోయింది.

పాఠకులారా, ఇప్పుడైనా అతన్ని ఎవరైనా ఆపాలి! ఒక్క అంకెతో ఎంత ఘోరం జరగబోతోందో ఆలోచించండి. మర్నాటికి క్షవరశాలకు కుర్చీ వెళ్ళిపోతుంది. ఛైర్మన్ మనవడు తోటి పిల్లలతో నడిచి బడికి పోవాలి. మీటింగులు, అలకలు, వాకౌట్లు మళ్ళీ మొదలు. ఎన్నికలు వచ్చిపడతాయి, ఓటర్లు కాళ్ళు తడవకుండా వచ్చి ఇష్టం వచ్చినట్టు గుద్దిపోతారు. అన్నిటికంటే దారుణం ఇంకొకటుంది. రేపెప్పుడైనా నిజంగా వరద వస్తే, ఈ అధికారాలన్నీ వరద కోసమే వాడాల్సి వస్తుంది!

అందుకే నా మనవి. ఏ ఊళ్ళోనైనా అధికారాలు కలకాలం నిలవాలంటే కట్టలు, పడవలు, సైరన్లు ఎన్నైనా పెట్టుకోండి. కొలవడం వచ్చినవాళ్ళను మాత్రం దగ్గరికి రానివ్వకండి. ముఖ్యంగా, మెడలో టేపుతో తిరిగేవాళ్ళను.

గుమాస్తా తిరిగి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. చేతులకు మట్టి. తీశాడు.

"ఏమయ్యా, పదీ ఐదైంది. యథాతథమేగా?" కమిషనర్ గొంతు వెనక ఎవరో నవ్వుతున్నారు, టీకప్పులు చప్పుడవుతున్నాయి.

"ఒక్క నిమిషం సార్. కర్ర చూసి వచ్చాను. రాస్తున్నాను."

అవతల నవ్వు ఆగింది. "కర్రా? ఏ కర్ర? ఏయ్, ఆగు… ఏం రాస్తున్నావ్?"

రిసీవరు బల్ల మీద పెట్టాడు. అది చిన్నగా అరుస్తూనే ఉంది. రిజిస్టరు తెరిచి, కాగితాల మధ్య రెండు కార్బన్లు సర్ది, తేదీ వేశాడు. గడిలో, మూడో కాపీ దాకా దిగేలా గట్టిగా నొక్కి, నిదానంగా ఒక సున్నా చుట్టాడు.